ఎడమ పక్కన కూర్చున్న కొడుకు

ఇట్లా దగ్గరికి జరగండి. గడప మీద కూర్చోకండి, చాపలో చోటుంది, కాళ్ళు ముడుచుకుంటే అందరం పడతాం. చేతిలో ఫోన్లుంటే కాసేపు బోర్లించి పెట్టండి. నేను చెప్పబోయేది తలకాయకు తగిలిన దెబ్బ సంగతి, దాని గురించి తెలుసుకోవడానికి మా ఇంటి దాకా వచ్చిన ఒక డాక్టరమ్మ సంగతి. నేను చదివింది మూడో తరగతే కాబట్టి పుస్తకాల మాటలు నాకు రావు. మా మంచం దగ్గర జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది లక్సెట్టిపేట దిక్కు పల్లె. మా ఆయనది వ్యవసాయం, కొంత పత్తి, కొంత వరి. మనిషి మంచివాడే, కానీ కోపం వస్తే ఆయనకొక పద్ధతి ఉండేది. కొడుకు మీద కోపం వచ్చిందనుకోండి, కొడుకుతో మాట్లాడడు, నాతో మాట్లాడతాడు. ఇద్దరూ ఒకే బంతిలో మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుని తింటుంటారు. "ఏమే, నీ కొడుకు ఇయాల పొలం కాడికి పోతడా, ఎండ తగిలితే నల్లగైతడా, జర అడుగు" అంటాడు నాతో. వాడూ నాతోనే అంటాడు: "పోతడని చెప్పు అవ్వా." అప్పుడు నేను "పోతడట" అనాలి. ఇద్దరికీ వినబడిందే, అయినా అనాలి, అనకపోతే కోపం నా మీదికి తిరుగుతుంది. మా దిక్కు చాలా ఇళ్ళల్లో ఇదే తీరు. తండ్రికీ కొడుక్కీ నడుమ తల్లే గోడ, తల్లే కిటికీ.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ పద్ధతి అలవాటై ఉండటం వల్లే మేమంతా మోసపోయాం.

కొడుకు దుబాయ్‌లో పని చేస్తాడు. పెళ్ళి ఇంకా కాలేదు. ఆ ఎండాకాలం సెలవు మీద వచ్చాడు. యాసంగి వరి కోతలు నడుస్తున్నాయి. బోరు మోటారు స్టార్టరు కాలిపోతే తండ్రీ కొడుకులు బండి మీద లక్సెట్టిపేట పోయి బాగు చేయించుకుని వస్తున్నారు. బండి నడిపేది కొడుకు, వెనక ఒడిలో స్టార్టరు పెట్టుకుని ఆయన. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎవరి వడ్లో నేను చెప్పను. అందరం ఆరబోసేదే, మేమూ ఆరబోశాం. ఎదురుగా లారీ వస్తే కొడుకు బండిని వడ్ల మీదికి దించాడు, చక్రం జారింది. కొడుకు మోచేతులు గీరుకుపోయాయి. ఆయన స్టార్టరును వదలలేదు, చేతులు నేలకు ఆనించుకోలేదు. తల తగిలింది. హెల్మెట్టు ఇంట్లో దూలానికి వేలాడుతోంది.

కరీంనగర్ ఆస్పత్రిలో కుడి కణత పైన ఎముక తెరిచి గడ్డకట్టిన నెత్తురు తీశారు. బతికాడు. చాలా దినాలు మగతలోనే ఉన్నాడు. కొడుకు బయట వరండాలోనే పడుకున్నాడు. లోపలికి పొమ్మంటే "నువ్వే పో అవ్వా" అనేవాడు. తండ్రి ముఖం చూడటానికి వాడికి ధైర్యం చాలలేదు.

ఇంటికి తెచ్చాక మంచం ఎప్పటి తీరుగానే వేశాం. తల దక్షిణానికి, కుడి చేయి తూర్పు వాకిలి వైపు. ఎడమ చేయి, ఎడమ కాలు సరిగా కదలడం లేదు. ఆ ఎడమ పక్కన మంచానికీ గోడకీ నడుమ ఒక మనిషి పట్టేంత సందు. కొడుకు ఆ సందులో చాప వేసుకున్నాడు. పొద్దస్తమానం అక్కడే. ఆ చేతికి నూనె రాస్తాడు, వేళ్ళు ఒక్కొక్కటి చాపుతాడు, ముడుస్తాడు. కుడి పక్కన నేను. అన్నం పెట్టేది, మాట్లాడేది నేను.

వాడు అడిగేవాడు: "బాపు, నొప్పున్నదా?"

ఆయన నా ముఖం చూసి చెప్పేవాడు: "లేదే, నొప్పి లేదు."

"బాపు, నీళ్ళు తాగుతవా?"

"జరంత ఇయ్యే" అనేవాడు నాతోనే.

వాడు అటు నుంచి అడగడం, ఈయన ఇటు తిరిగి నాకు చెప్పడం. ఒక్కసారి కూడా వాడి దిక్కు తల తిప్పలేదు. నేను ఏమనుకోవాలి చెప్పండి. ఎప్పటి పద్ధతే అనుకున్నాను. తల పగిలినా కోపం మాత్రం పగలలేదు ఈ మనిషికి అనుకున్నాను.

ఇంకా కొన్ని వింతలు జరిగాయి, వాటినీ కోపం కిందే జమ కట్టాం. పళ్ళెంలో కుడి సగం తిని ఎడమ సగం వదిలేసేవాడు, గీత గీసినట్టు. "ఇయాల పచ్చిపులుసు చెయ్యలేదా?" అనేవాడు. పచ్చిపులుసు గిన్నె పళ్ళేనికి ఎడమ పక్కనే ఉండేది. అద్దం ఇస్తే తనే గడ్డం గీసుకున్నాడు, కుడి చెంప నున్నగా చేసుకుని ఎడమ చెంప అట్లాగే ఉంచి, "అయిపోయింది, తీస్కపో" అన్నాడు. ఆదిలాబాద్ నుంచి మా పెద్దాడబిడ్డ తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చింది. ఆమె ఆ చెంప చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

నవ్వు తగ్గాక నన్ను వంటింట్లోకి పిలిచింది. "మా తమ్మునికి పోరని మీద కోపం దిగలేదే. మొండోడు. చిన్నగున్నప్పుడు మా బాపుతోని సుత ఒక పంటకాలం మాట్లాడలే."

"వాని తప్పేమున్నది వదినె, లారీ ఎదురొచ్చింది."

"నాకు చెప్తే ఏం ఫాయిదా, ఆయనకు చెప్పు."

చెప్పాను. "వాడు ఎంత చేస్తున్నడో చూస్తలేవా?" అన్నాను. ఆయన "ఎవలు?" అన్నాడు. తెలిసీ అడుగుతున్నాడనుకుని నాకు ఒళ్ళు మండింది, లేచిపోయాను.

ఒకనాడు కొడుకు గుండె రాయి చేసుకుని వాకిలి వైపు నుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన వాణ్ణి కిందినుంచి మీదికి చూసి "ఎప్పుడొచ్చినవ్ రా?" అన్నాడు. పొద్దున్నుంచి ఆ చేతికి నూనె రాసిన పిల్లవాడితో ఆ మాట. వాడు బయటికి పోయాడు. మా ఆడబిడ్డ గుమ్మంలో నిలబడి "చూసినవా, ఎట్ల పొడిచిండో" అంది. ఆ తరువాత వాడు తండ్రి ఎదుటికి రావడం మానేశాడు. లేపి కూర్చోబెట్టాలన్నా వెనకనుంచే చేతులు వేసేవాడు.

ఆ సాయంత్రం బావి గట్టు దగ్గర నాతో అన్నాడు: "అవ్వా, సెలవున్నన్ని దినాలు చేస్త. పోయినంక మల్ల ఈ ఇంటికి రాను. నేను కనబడితే బాపుకు బాధ ఎక్కువైతుంది. పైసలు పంపుత, ఫోను చేస్త. రమ్మని మాత్రం అడగకు."

భర్త బతికాడని మొక్కు తీర్చుకోవడానికి బాసర పోదామనుకుంటున్నదాన్ని, ఇప్పుడు ఈ కొడుకు కోసం ఏ దేవుణ్ణి అడగాలో తోచలేదు.

సరిగ్గా ఆ వారంలోనే కరీంనగర్‌లో మళ్ళీ చూపించాల్సి వచ్చింది. తలకు కోసిన డాక్టరు గాయం చూసి బాగుందన్నాడు. అప్పుడు ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, మాట మన దిక్కుదే. తలకు దెబ్బలు తగిలినవాళ్ళ మీద పరిశోధన చేస్తున్నానని చెప్పింది.

"పరిశోధనంటే మల్ల కోస్తరా?" అన్నాను.

"కొయ్యం అమ్మా. కొన్ని అడుగుతం, పెద్దాయన చెప్పింది రాసుకుంటం. దీంతోని ఈయనకు నయమైతదని నేను మాట ఇయ్యను. రేపు ఇసొంటి దెబ్బ తగిలినోళ్ళకు అక్కరకొస్తది. మీకు ఇష్టం లేకుంటే వద్దనుండ్రి, మీ వైద్యం మీకు నడుస్తనే ఉంటది."

"మరి నీకేమొస్తది బిడ్డా?"

ఆమె కొంచెం ఆలోచించి "తెలుస్తది" అంది.

ఆ జవాబు నాకు నచ్చింది. ఆయన్ని అడిగితే "కొయ్యకుంటే ఏదన్న చేసుకోండ్రి" అన్నాడు.

ఒక గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయనకు కుడి పక్క నేను. కొడుకు అలవాటు కొద్దీ ఎడమ పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాగితం నిండా చిన్న చిన్న గీతలున్నాయి, అన్నిటినీ కొట్టేయమంది. ఆయన కాగితం కుడి సగంలో గీతలు కొట్టేసి పెన్ను కింద పెట్టాడు. "ఇంకేమన్న మిగిలినయా?" అంటే "ఒక్కటి లేదు" అన్నాడు. పువ్వును గీయమంటే కుడి పక్కన రెక్కలు గీసి, ఎడమ పక్కన ఏమీ గీయకుండా బాగుందా అన్నట్టు నా దిక్కు చూశాడు.

తరువాత కాగితాలు పక్కన పెట్టి ఆమె అడిగింది: "పెద్దాయనా, కండ్లు మూసుకోండ్రి. మీ ఊర్ల బస్సు దిగిండ్రు. ఇంటి దిక్కు నడుస్తుండ్రు. తొవ్వల ఏమేం ఉన్నయో చెప్పండ్రి."

ఆయన చెప్పుకుంటూ పోయాడు. కిరాణా దుకాణం, పిండి గిర్ని, కటింగ్ షాపు, నీళ్ళ ట్యాంకు, మా పాలివాళ్ళ ఇల్లు. నేను వింటున్నాను. బడి చెప్పలేదు. పంచాయతీ ఆఫీసు చెప్పలేదు. కల్లు కాంపౌండు చెప్పలేదు. బడి మరిచిపోయాడంటే నమ్ముతాను, కల్లు కాంపౌండు మరిచిపోయే మనిషి కాదు. మతి పోయిందనుకున్నాను.

"మంచిది. ఇప్పుడు ఇంటికాడికెల్లి బస్సు కాడికి రాండ్రి. అదే తొవ్వ."

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. బడి, పంచాయతీ ఆఫీసు, కల్లు కాంపౌండు. కాంపౌండు దగ్గర ఎవరెవరు కూర్చుంటారో, ఎవరి చెట్టు కల్లు బాగుంటుందో కూడా చెప్పాడు. ఈసారి కిరాణా దుకాణం లేదు, గిర్ని లేదు, ఇంతకు ముందు చెప్పినదాంట్లో ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. గబగబా రాసుకుంది. నాకు మనసులో కొంచెం కలుక్కుమంది. నా మనిషికి సగం ఊరు మాయమైతే ఈమెకు సంబరమా అనిపించింది. ఆమె తల ఎత్తి నా ముఖం చూసి, పెన్ను మూసేసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"అమ్మా, ఆయన మతి ఎక్కడికి పోలేదు. ఊరంత లోపలనే ఉన్నది, మీరు విన్నరు గదా. కండ్లు సుత మంచిగనే ఉన్నయి. కుడి దిక్కు మెదడుకు దెబ్బ తగిలితే కొంతమందికి ఎడమ పక్క అనేదే మనసుకు రాదు. చూడలేక కాదు, చూడాలని తోచదు. ఆ దిక్కు నుంచి మాట వినవడితే సుత కుడి దిక్కు ఉన్నోళ్ళే మాట్లాడిండ్రు అనుకుంటరు."

నాకు ఆ మాట లోపలికి దిగేలోపే ఆమె ఆయన్ని అడిగింది: "ఇంట్ల ఎవరెవరుంటరు పెద్దాయనా?"

"నేను, గీమె."

"కొడుకు లేడా?"

"ఉన్నడు. దుబాయ్ పోయిండు."

ఎడమ పక్క గోడకు ఆనుకున్న కొడుకు నిటారుగా నిలబడ్డాడు.

"ఎప్పుడు పోయిండు?"

"నేను ఆస్పత్రిల ఉండంగనె పోయినట్టున్నడు. నడుమ ఒకనాడు వచ్చి కండ్ల ముంగట నిలవడ్డడు, మల్ల చెప్పకుంట పోయిండు." ఆయన కుడి చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నేను తిడ్తనని భయపడ్డడేమో. పోనీ. కంపెనీ పిలిస్తె పోవద్దా."

"మరి మాట్లాడుతడా మీతోని?"

"దినాం మాట్లాడుతడు. గీమె ఫోను స్పీకర్ల పెడ్తది గదా. నొప్పున్నదా, నీళ్ళు తాగుతవా అని అడుగుతడు. ఆడికెల్లి నీళ్ళు ఇస్తడా ఏంది. నేను గీమెకు చెప్త, గీమె చెప్తది."

నేను ఏ ఫోనూ పెట్టలేదు. నాలుగేళ్ళుగా వాడి గొంతు ఈ ఇంట్లో వినబడిందంతా ఫోను స్పీకర్లోంచే. మనిషి కనబడకుండా గొంతు వినబడితే ఆయన ఏమనుకుంటాడు, ఫోనే అనుకుంటాడు.

డాక్టరమ్మ కొడుక్కి చేత్తో సైగ చేసింది, వెనకనుంచి చుట్టూ తిరిగి ఇటు రమ్మని. వాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఆయన చూశాడు. "ఎప్పుడొచ్చినవ్ రా?" అన్నాడు.

అవే మాటలు. ఈసారి మా ఇద్దరికీ అందులో పొడుపు కనబడలేదు.

"నేను పోనే లేదు బాపు. నీ పక్కకే ఉన్న."

"ఏ పక్కకు?"

"ఎడమ పక్కకు. నూనె రాసింది నేనే."

ఆయన "ఆ పక్కకు ఎవలు లేరు" అని తేల్చేసి నా వైపు తిరిగాడు. "ఏమే, నీ కొడుకు గిన్ని అబద్ధాలు ఏడ నేర్చిండు?"

డాక్టరమ్మ నవ్వింది, నేను నవ్వాను. కొడుకు నవ్వబోయి తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. ఆయన కుడి చేత్తో వాడి తల నిమురుతూ "ఏమైందే వీనికి?" అని నన్ను అడుగుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చాక చాలా దినాలు నేను దీని గురించే ఆలోచించాను. సగం లోకం పోతే మనిషికి తెలియదా? చీకటిగానైనా ఉండదా? వంట చేసుకుంటూ ఒకసారి నాకే తట్టింది. నా వీపు వెనక ఏముందో నాకు కనబడదు. అక్కడ చీకటిగా ఉందా అంటే లేదు. అసలు ఏమీ లేదు, ఆ లేకపోవడం నాకు లోటుగా కూడా లేదు. ఆయనకు ఎడమ పక్క అట్లాంటిదే కాబోలు. డాక్టరమ్మతో ఈ మాట అంటే, తమలో ఎవరికీ ఇది పూర్తిగా తెలియదని, తెలియకనే అడుగుతున్నామని చెప్పింది. తెలియదని అంత నెమ్మదిగా చెప్పిన చదువుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఆమె తరువాత మా ఊరికే వచ్చేది. కొన్ని ఉపాయాలు చెప్పింది. తినేటప్పుడు సగమయ్యాక పళ్ళెం తిప్పమంది. తిప్పితే ఆయన "ఇంత కూర ఉంచుకుని ఇందాక ఎందుకెయ్యలే" అని తగాదా పెట్టుకున్నాడు. మంచం ఎడమ పట్టెకు నా పాత ఎర్ర చీర అంచు చింపి కట్టాను, ఎరుపు కనబడేదాకా తల తిప్పమని గుర్తు. మనుషులు కుడి పక్కన మాట మొదలుపెట్టి, మాట్లాడుతూనే మెల్లమెల్లగా ఎడమకు జరగాలి, ఆయన చూపు వెంట రావాలి. ఇట్లా కొందరికి చాలావరకు తిరిగి వస్తుందట, కొందరికి కొంతే వస్తుందట. ఎవరికి ఎంతో ముందే చెప్పలేమంది.

కొడుకు కంపెనీకి ఫోను చేసి సెలవు పొడిగించుకున్నాడు. ఆ ఎడమకు జరిగే పని వాడిదే. కుడి పక్క పీట వేసుకుని దుబాయ్ కబుర్లు చెప్తూ పీటను కాళ్ళ వైపు జరుపుకుంటూ పోయేవాడు. కాళ్ళు దాటగానే ఆయన "ఏడ వోయినవ్ రా?" అనేవాడు. "ఈడనే ఉన్న బాపు, ఇంకొంచెం తిరుగు." "తిరిగిన." "ఇంకా." "మెడ విరగ్గొడ్తవా ఏంది?" మళ్ళీ కుడి పక్కనుంచి మొదలు.

ఒకనాడు కాళ్ళ దగ్గర పీట ఆపి వాడు అడిగాడు. నేను బియ్యం ఏరుతున్నాను, చేయి ఆగిపోయింది.

"బాపు, బండి నడిపింది నేనే గదా. నా మీద కోపమున్నదా?"

ఆయన కుడి చేత్తో ఒడిని తడిమాడు. "స్టార్టరు ఒడిల పెట్టుకున్నది యాదికున్నది. అటెన్క ఏం యాదికి లేదురా. లేనిదాని మీద కోపం ఎట్ల చెయ్యాలె?" మళ్ళీ అన్నాడు: "నువ్వు చెప్పకుంట పోయినవని మాత్రం కోపముండె. అది సుత ఉత్తదేనంటిరి."

వాడు పీట జరపడం మరిచిపోయి అట్లాగే కూర్చున్నాడు.

పొడిగించిన సెలవు కూడా అయిపోయింది. పోయేనాడు ఆయన్ని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టాం. అప్పటికి కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేస్తున్నాడు, పళ్ళెంలో మూడొంతులు తింటున్నాడు. జీపు వచ్చింది, సామాను ఎక్కించారు. కొడుకు ఇంట్లోంచి వస్తూ వస్తూ తండ్రికి ఎడమ పక్కన ఆగాడు. కావాలనే ఆగాడని నాకు తెలిసింది.

"బాపు, పోయొస్త" అన్నాడు.

ఆయన మొదట నా దిక్కే చూశాడు. నేను నోరు విప్పలేదు. జీపు డ్రైవరు హారను మీద చేయి పెట్టబోయి మమ్మల్ని చూసి తీసేశాడు. ఆయన మెడ మెల్లగా తిరిగింది. ఎదురుగా నడిమికి వచ్చి ఆగింది. మళ్ళీ కొంచెం తిరిగింది. చూపు వెతుకుతోంది. గోడ మీద, మెట్టు మీద, సామాను తీసేసిన చోట. ఇంక తిరగలేక ఆగిపోయాడు.

మిగిలిన ఒక్క అడుగు కొడుకు జరిగాడు.

"ఆఁ, కనబడ్డవ్" అన్నాడు ఆయన. "దీపావళికి వస్తవా?"

"వస్త బాపు."

డాక్టరమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, ఇంకో ఊళ్ళో ఇంకొకరికి ఇట్లాగే తగిలిందని, మా ఆయన చెప్పినవి వాళ్ళ దగ్గర పనికొచ్చాయని చెప్తుంది. ఆ మాట విన్న పూట ఆయన కొంచెం ఎక్కువ తింటాడు.

ఇంక పొద్దుపోతోంది, లేవండి. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ పొంగుతుండాలి. మీ ఇంటి పిల్లలు బండెక్కితే తల పదిలంగా, దిగితే నవ్వుతూ దిగాలి. దూరాన ఉన్నవాళ్ళు చెప్పిన పండక్కి రావాలి. మీ ఇంట్లో కూర్చున్న ప్రతి మనిషీ మిగిలినవాళ్ళ కంటికి ఆనాలి. చల్లగా ఉండండి.